నార్త్ ఆడమ్స్ బూట్ల ఫ్యాక్టరీకి 75 మంది చైనావాళ్ళు: వీళ్ళు సమ్మె విరగ్గొట్టినవాళ్ళేనా?

నాగావళిగట్టు, శ్రీకాకుళం

అందరికీ నమస్కారం. ఇక్కడ శాలిహుండం, ముఖలింగం మీద రాసేవాళ్ళే ఎక్కువ. నా ప్రశ్న మాత్రం అమెరికాది, ఏమీ అనుకోకండి.

మా చెల్లి, మరిది మసాచుసెట్స్‌లో ఉంటారు. మొన్నొక శనివారం ఆ రాష్ట్రానికి పడమటి మూలనున్న నార్త్ ఆడమ్స్ అనే ఊరు చూడ్డానికి వెళ్ళారు. చుట్టూ కొండలు, నది పక్కన ఎర్ర ఇటుకల పాత మిల్లులు. అక్కణ్ణుంచి చెల్లి ఒక పాత ఫోటో పంపింది. ఫ్యాక్టరీ గోడ ముందు బారులు తీరి నిలబడ్డ చైనా కుర్రాళ్ళు. "1870లో ఇక్కడ బూట్ల ఫ్యాక్టరీలో సమ్మె జరిగితే ఓనరు వీళ్ళని దింపాడట అక్కా, 75 మందిని" అని కింద రాసింది.

నేను పైడిభీమవరం వైపు ఒక ఫ్యాక్టరీలో టైమ్ ఆఫీసులో చేస్తున్నాను. మస్తరు, గేటు పాసులు, ఓవర్‌టైమ్ లెక్కలు నా పని. మధ్యాహ్నం క్యారేజీలు విప్పినప్పుడు ఆ ఫోటో చూపించానో లేదో, రభస మొదలైంది. మా దగ్గర కాంట్రాక్టర్ల కింద ఒడిశా, బీహార్ కుర్రాళ్ళు చాలామంది ఉన్నారు. "చూశారా, నూటయాభై ఏళ్ళ కిందటే ఇదే వరస. చవగ్గా వస్తారు, మన నోటికాడ కూడు లాక్కుంటారు" అని ఒకరు. "మరి మనవాళ్ళు చెన్నైలో, హైదరాబాద్‌లో చేస్తున్నదేంటి?" అని ఇంకొకరు. చేతులు కడుక్కునేదాకా ఆపలేదు. ఆ ఒడిశా కుర్రాళ్ళు పక్క బెంచీ మీదే కూర్చుని తింటున్నారు. తెలుగు వాళ్ళకి బాగానే అర్థమవుతుంది.

చైనావాళ్ళు అమెరికాలో రైలు పట్టాలేశారని విన్నాను. ఫోటోలో ఉన్నది ఆ రైలు పనివాళ్ళేనా? ఆ ఊరి పక్క కొండలో పెద్ద రైలు సొరంగం ఉందట, అది తవ్వింది కూడా వీళ్ళేనా? బూట్లు కుట్టడం రానివాళ్ళని తెచ్చి ఓనరు ఎలా నెట్టుకొచ్చాడు? తర్వాత వాళ్ళేమయ్యారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. కాంట్రాక్టు కాగితంలో ఏముందో తెలిస్తే అది ఇంకా వివరంగా రాయండి. నా ఉద్యోగం అలాంటిది మరి.


గంటస్తంభం, విజయనగరం

అమ్మా, నేను రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగులో చేరి, గ్యాంగు పెద్దగా, అంటే మేట్‌గా రిటైరైనవాణ్ణి. పట్టాల సంగతి ఎక్కడ కనబడినా చదివేస్తాను. అదొక జబ్బు.

ముందు సొరంగం సంగతి. దాని పేరు హూసాక్. 1851లో మొదలుపెడితే 1875లో గానీ రైలు నడవలేదు. పొడవు నాలుగు ముప్పావు మైళ్ళు. మన కొత్తవలస–కిరండూల్ లైన్లో 58 సొరంగాలున్నా ఏదీ దాని దరిదాపుల్లోకి రాదు. ఆ పనిలో సుమారు 195 మంది పోయారు. 1867 అక్టోబరులో కొండ పైనుంచి సొరంగం మధ్యలోకి దింపిన బావి మీదున్న షెడ్డు అంటుకుని, లోపలున్న 13 మంది ఒక్కరోజే చనిపోయారు. అక్కడ పనిచేసింది ఎక్కువగా ఐర్లండ్ వాళ్ళు, ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ గనుల నుంచి వచ్చినవాళ్ళు. మీ ఫోటోలోని 75 మంది దానికోసం రాలేదు. బూట్ల ఫ్యాక్టరీకే వచ్చారు.

కానీ రైలుతో వాళ్ళకి చుట్టరికం లేదనకండి. వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కి దేశానికి ఈ చివర దిగింది 1870 జూన్ 13న. అమెరికాని అడ్డంగా కలిపే లైను పూర్తయింది 1869 మే 10న. అంటే ఏడాది కిందట వాళ్ళ దేశస్తులు వేసిన పట్టాల మీదే ప్రయాణం చేసి వచ్చారు. ఆ లైనే లేకపోతే ఈ ఫ్యాక్టరీ ఓనరుకి అంత దూరం నుంచి మనుషుల్ని తెప్పించుకోవాలన్న ఊహే వచ్చేది కాదు.

ఆ లైను పడమటి సగం వేసింది సెంట్రల్ పసిఫిక్ కంపెనీ. 1865లో కూలీలు దొరక్క చైనావాళ్ళని పెట్టుకోవడం మొదలెట్టారు. "ఇంత సన్నగా ఉన్నవాళ్ళు రాళ్ళు కొడతారా?" అని పనులు చూసే స్ట్రోబ్రిడ్జ్‌కి అనుమానం. కంపెనీ పెద్దల్లో ఒకడైన క్రాకర్ పట్టుబట్టి ముందు కొద్దిమందిని పెట్టించాడు. రెండేళ్ళు తిరిగేసరికి పనివాళ్ళలో నూటికి ఎనభై తొంభై మంది వాళ్ళే. వాళ్ళు లేకుండా సియెర్రా కొండలు దాటడం అయ్యేది కాదు. కొండ నెత్తిన ఒక సొరంగం ఉంది, పొడవు 1,659 అడుగులు. గట్టి గ్రానైటు రాయి. మామూలు తుపాకిమందుతో రోజుకి అడుగుకి కాస్త పైన తెగడమే కష్టం. రెండు చివర్ల నుంచి తవ్వితే చాలదని మధ్యలో బావి దింపి, అక్కణ్ణుంచి అటూ ఇటూ కూడా తవ్వారు. చలికాలంలో మంచు కింద దారులు తవ్వుకుని గుడిసెల నుంచి పనికి వెళ్ళేవారు. మంచు చరియలు పడి పోయినవాళ్ళ శవాలు కొన్ని ఎండలు వచ్చాక గానీ దొరకలేదు.

ఒక్క సంగతి నాకు బాగా నచ్చింది. ప్రతి గ్యాంగుకీ సొంత వంటమనిషి ఉండేవాడు. మన కావడిలాంటిది భుజాన వేసుకుని, రెండు వైపులా మందు పీపాలు, అదే, ఖాళీ అయిన తుపాకిమందు పీపాలు కడిగి వాటినిండా వేడి టీ పోసి పని చోటికి మోసుకొచ్చేవాడు. వాగునీళ్ళు తాగిన తెల్లవాళ్ళు విరేచనాలతో పడకేస్తే, కాచిన నీళ్ళ టీ తాగిన వీళ్ళు నిక్షేపంగా ఉండేవారు. మా గ్యాంగులో కూడా కుండనీళ్ళు మోసే మనిషి రాకపోతే ఆ పూట పని సగం పడిపోయేది. గ్యాంగులో చేసినవాడికి దీని విలువ చెప్పక్కర్లేదు.

ఇంకోటి. 1869 ఏప్రిల్ 28న ఒక్కరోజులో పది మైళ్ళ పైచిలుకు లైను వేశారు. 3,520 పట్టాలు, 25,800 స్లీపర్లు. ఒక్కో పట్టా 30 అడుగులు, మన లెక్కలో సుమారు 250 కిలోలు. ఆ పట్టాలు ఎత్తి దింపిన ఎనిమిది మంది ఐరిష్ వాళ్ళ పేర్లు ఇవాళ్టికీ ఉన్నాయి. వాళ్ళ కష్టాన్ని నేను తీసిపారెయ్యను, పట్టా బరువేంటో నా నడుముకి తెలుసు. కానీ స్లీపర్లు సర్దింది, మేకులు కొట్టింది, కంకర తొక్కించి లెవెలు చేసింది వేలాది చైనావాళ్ళు. వాళ్ళ పేర్లేవి? కంపెనీ జీతాల పుస్తకాల్లో చాలాచోట్ల గ్యాంగు పెద్ద పేరు ఒక్కటే ఉంటుంది. డబ్బు మొత్తం ఆయన చేతికి ఇచ్చేవారు, ఆయన తిండి ఖర్చు పట్టుకుని పంచేవాడు. మీరు టైమ్ ఆఫీసులో ఉన్నానన్నారు కాబట్టి ఇది చెబుతున్నాను. కాంట్రాక్టర్ పేరు మీద "మనుషులు 40" అని ఒక్క గీతలో రాసే మస్తరు మీకు కొత్త కాదనుకుంటాను.

ఇక బూట్ల ఫ్యాక్టరీ. ఓనరు పేరు కాల్విన్ శాంప్సన్. అక్కడి బూట్ల పనివాళ్ళకి నైట్స్ ఆఫ్ సెయింట్ క్రిస్పిన్ అని గట్టి సంఘం ఉండేది. కూలి పెంచాలి, ఎనిమిది గంటల పని పెట్టాలి, కంపెనీ లెక్కల పుస్తకాలు మాకు చూపించాలి అని సమ్మె కట్టారు. మూడోది చూడండి, ఓనరుకి అసలు మంట అక్కడే. ముందు అదే రాష్ట్రంలో వేరే ఊరి నుంచి పనివాళ్ళని తెచ్చుకోబోయాడు. సంఘం వాళ్ళు ఎదురెళ్ళి నచ్చచెప్పి వెనక్కి పంపేశారు. అప్పుడు సంఘం మాట వినపడనంత దూరం నుంచి, భాష కూడా తెలియనివాళ్ళని తెస్తే ఎవరూ నచ్చచెప్పలేరని, సూపరింటెండెంట్‌ని శాన్‌ఫ్రాన్సిస్కో పంపాడు.

మీరడిగిన కాగితం ఇది. కుదుర్చుకున్నది ఒక్కో మనిషితో కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక చైనా కంపెనీతో. మూడేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకి 23 డాలర్లు, తర్వాత రెండేళ్ళు 26. ఉండటానికి చోటు, వంటచెరకు ఓనరివి. తిండి వాళ్ళది. ఇంగ్లీషు వచ్చిన చార్లీ సింగ్ అనే కుర్రాడు మేస్త్రి, అతనికి నెలకి 60. బండి దిగిన రోజు స్టేషను దగ్గర ఊరంతా మూగింది. తిట్లు, ఒకటో రెండో రాళ్ళు. పోలీసుల కాపలాలో ఫ్యాక్టరీ దాకా నడిపించి లోపల పెట్టారు. పడక అక్కడే, వంట అక్కడే, పని అక్కడే.


జనపనార, విజయనగరం జిల్లా

గంటస్తంభం మాస్టారి మీద గౌరవంతోనే రాస్తున్నాను. టీ కావడి బాగుంది గానీ, సమ్మె కట్టినవాడి ఇంట్లో పొయ్యి సంగతి కూడా రాయాలి కదా.

మా నాన్న జూట్ మిల్లులో స్పిన్నింగ్‌లో చేశారు. ఏ మిల్లు అన్నది ఇక్కడ అనవసరం. గేటుకి తాళం పడిన కాలంలో మా అమ్మ చెవిదిద్దులు ఎలా పోయాయో నాకు తెలుసు. ఆ తాళం తీశాక పాతవాళ్ళలో సగం మందిని పిలవకుండా, వేరే ఊరి కుర్రాళ్ళని "ట్రైనీలు" అని పేరు పెట్టి తెచ్చారు. ఆ కుర్రాళ్ళు చెడ్డవాళ్ళని నేననను. మా నాన్న కూడా అనేవారు కాదు. కానీ దెబ్బ తగిలింది మా ఇంటికే.

క్రిస్పిన్ వాళ్ళ గోడు ఏంటో వినండి. అంతకుముందు బూటు చేయడమంటే ఒక విద్య. పాదం ఆకారంలో ఉన్న చెక్క అచ్చు మీద తోలు లాగి బిగించి, అడుగు తోలు వేసి కుట్టడం ఏళ్ళ తరబడి నేర్చుకున్న పని. 1860ల్లో మెకే మిషన్ వచ్చి అడుగు తోలు కుట్టడం నిమిషాల పని చేసేసింది. చెక్క మేకులు దిగగొట్టే మిషన్లూ వచ్చాయి. దాంతో కొత్తగా వచ్చిన ఎవడినైనా కొద్దివారాల్లో తయారుచేయొచ్చు అయింది. అందుకే 1867లో పుట్టిన ఆ సంఘం పెట్టుకున్న మొదటి నియమం, సంఘం ఒప్పుకోకుండా కొత్తవాడికి పని నేర్పకూడదని. దేశమంతా కలిపి సుమారు 50 వేల మంది సభ్యులు, అప్పట్లో అమెరికాలో అంత పెద్ద కార్మిక సంఘం లేదు. నార్త్ ఆడమ్స్‌లో వాళ్ళలో చాలామంది కెనడా నుంచి వచ్చిన ఫ్రెంచివాళ్ళు, ఐర్లండ్ వాళ్ళు. వాళ్ళూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళేనండీ, జమీందార్లు కాదు.

ఈ 75 మంది రాగానే ఏమైంది? కొద్ది నెలల్లో పాతవాళ్ళంత పనీ చేసి చూపించారు. ఓనరుకి వారానికి 840 డాలర్లు మిగులుతోందని అప్పటి ఒక పత్రిక లెక్కకట్టింది. ఊళ్ళో మిగతా బూట్ల ఫ్యాక్టరీలు అది చూసి తమ పనివాళ్ళ కూలి పదిశాతం కోశాయి. సమ్మెలో ఉన్నవాళ్ళు కొందరు చేతులు కలిపి సొంతంగా సహకార కర్మాగారం పెట్టుకున్నారు. కొన్నేళ్ళకి సంఘమే చితికిపోయింది. ఇది చూసి న్యూజెర్సీలో ఒక లాండ్రీ యజమాని, 1872లో పెన్సిల్వేనియా బీవర్ ఫాల్స్‌లో కత్తుల ఫ్యాక్టరీ వాళ్ళు ఇదే దారి పట్టారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. క్రిస్పిన్ వాళ్ళు తిట్టి ఊరుకోలేదు. ఆ చైనావాళ్ళని కూడా సంఘంలో చేర్చుకుని, వాళ్ళకో శాఖ పెడదామని ప్రయత్నం చేశారు. అది సాగలేదు. ఫ్యాక్టరీలోనే పడుకుని, ఫ్యాక్టరీలోనే తిని, మేస్త్రి నోటితో తప్ప మాట్లాడలేనివాళ్ళని ఎలా కలుస్తారు? అలా కలవకూడదనే కదా ఆ ఏర్పాటు.

మీ ఫోటో గురించి ఒకటి. దాన్ని తీయించింది ఓనరే. రెండు కళ్ళకి రెండు బొమ్మలు పక్కపక్కన ఉండి, పెట్టెలో పెట్టి చూస్తే లోతుగా కనబడే రకం కార్డు అది. అమ్మకానికి పెట్టినవి. "చూడండి నా కొత్త సైన్యం" అన్నట్టు. దానికి జవాబుగా క్రిస్పిన్ వాళ్ళు కూడా గుంపుగా ఒక ఫోటో తీయించుకున్నారు. మీ చెల్లికి అది కూడా దొరుకుతుందేమో చూడమనండి. రెండూ పక్కపక్కన పెడితేనే విషయం తెలుస్తుంది.


గంటస్తంభం, విజయనగరం

బాబూ, మీ నాన్నగారి మిల్లు మాట నేను కాదనను. నేనూ 1974 రైల్వే సమ్మె చూసినవాణ్ణి. కానీ "చైనావాడంటే చవగ్గా వచ్చేవాడు, నోరెత్తనివాడు" అన్నది మాత్రం నిలవదు.

1867 జూన్ చివర్లో సియెర్రా కొండల్లో వేలాది మంది చైనా కూలీలు ఒక్కరోజే పని ఆపేశారు. నెలకి 40 డాలర్లు కావాలి, బయట పది గంటలు, సొరంగంలో ఎనిమిది గంటలు మించి పని వద్దు. అప్పటికి వాళ్ళకిస్తున్నది 35 లోపు, తిండి సొంతం. తెల్లవాళ్ళకి జీతంతో పాటు తిండీ, పడకా కంపెనీవి. గొడవ లేదు, కొట్లాట లేదు. గుడిసెల్లో కూర్చున్నారు, అంతే. ఆదివారంలా ఉందని కంపెనీ వాళ్ళే రాసుకున్నారు. దానికి క్రాకర్ ఏం చేశాడు? కొండ మీదికి బియ్యం, సరుకులు వెళ్ళకుండా ఆపేశాడు. వారం తిరిగేసరికి ఆకలికి తట్టుకోలేక మళ్ళీ పనిలోకి దిగారు.

ఇందులో మేస్త్రులు, సరుకు వ్యాపారులు, కంపెనీ అందరూ ఒక వైపే ఉన్నారు. బియ్యం ఇచ్చేవాడి చేతిలోనే జీతం ఉంటే ఇంకెక్కడి సమ్మె? పైగా చాలామంది ఓడ ఛార్జీ అప్పుగా తీసుకుని వచ్చినవాళ్ళు, అది జీతంలోంచి కోత. దక్షిణ చైనాలో క్వాంగ్‌టుంగ్ ప్రాంతంలో నాలుగైదు తాలూకాల వాళ్ళే ఎక్కువ. అక్కడ యుద్ధాలు, కరువు. మనిషి చవకవాడు కాదు బాబూ. అప్పు పెట్టి, తిండి చేతిలో పెట్టుకుని, మాట మేస్త్రి నోటికి కట్టేసి చవక చేస్తారు.


మహేంద్రగిరి, సోంపేట

నేను సోషల్ టీచరుగా చేసి రిటైరయ్యాను. ఈ చర్చలో మనవాళ్ళు రాకపోతే ఎలా?

మా తాతగారు రంగం, అదే, బర్మాలోని రంగూన్ వెళ్ళారు. బారువ రేవులో స్టీమరెక్కి. ఈ తీరంలో రంగం వెళ్ళని ఇల్లు మా చిన్నప్పుడు వెతికినా దొరికేది కాదు. బారువ, కళింగపట్నం, భీమిలి రేవుల నుంచి మనుషులు బియ్యం మిల్లులకి, ఓడరేవు కూలికి, రిక్షాలు లాగడానికి వెళ్ళేవారు. అక్కడ మనవాళ్ళందరికీ ఒకటే పేరు, కోరంగీలు. తీసుకెళ్ళేది మేస్త్రి. టిక్కెట్టు డబ్బు, ఇంటికి కాస్త అడ్వాన్సు అతనే ఇస్తాడు, రంగంలో జీతం అతని చేతికే వస్తుంది. తాతగారికి అసలు జీతం ఎంతో ఆయనకే సరిగ్గా తెలిసేది కాదని మా మామ్మ చెప్పేది. "మేస్త్రి పద్దు దేవుడికే తెలియాలి" అనేదావిడ.

1930 మే నెలలో రంగం రేవులో మన తెలుగు కూలీలు సమ్మె కట్టారు. కూలి రోజుకి రూపాయిన్నర నుంచి రెండు రూపాయలు చెయ్యాలని. ఓడల కంపెనీల తరఫు కాంట్రాక్టర్లు బర్మా వాళ్ళని పనిలోకి దింపారు. అంటే అక్కడ బయటివాళ్ళు సమ్మె కట్టారు, వాళ్ళని విరగ్గొట్టడానికి స్థానికుల్ని తెచ్చారు. మీ క్యాంటీన్‌లో అన్నదానికి సరిగ్గా తలకిందులు. బర్మా వాళ్ళకి రేవులో పని దొరకడం అదే మొదలు, వాళ్ళకీ ఆశ పుట్టింది. కొన్నాళ్ళకి కంపెనీలు మనవాళ్ళతో రాజీ కుదుర్చుకుని నాలుగణాలు పెంచి, బర్మా వాళ్ళని మర్నాడు పొద్దున్న గేటు దగ్గరే పొమ్మన్నాయి. ఆ పొద్దున్నే గొడవ మొదలైంది. మే 26. వంద మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. పారిపోయినవాళ్ళు ఊరి బయట పాత పిచ్చాసుపత్రి ఆవరణలో తలదాచుకున్నారు. రాజీ కుదిర్చిన కాంట్రాక్టర్ల మీద మాత్రం ఒక్క దెబ్బా పడలేదు.

అమెరికాలో దీనికి అచ్చంగా జోడీ ఉంది. వయోమింగ్‌లో రాక్ స్ప్రింగ్స్ అని రైలు కంపెనీ బొగ్గు ఊరు. 1875లో గనుల్లో సమ్మె జరిగితే యూనియన్ పసిఫిక్ కంపెనీ చైనావాళ్ళని దింపింది. పదేళ్ళు ఇద్దరూ పక్కపక్కన పనిచేశారు. 1885 సెప్టెంబరు 2న, గనిలో ఎవరికి ఏ చోటు అన్న తగువు మీద మొదలై, సాయంత్రానికి తెల్ల గనికార్మికులు చైనావాళ్ళ పేట మొత్తం తగలబెట్టారు. కనీసం 28 మంది చచ్చిపోయారు. ఒక్కరికీ శిక్ష పడలేదు. సైన్యం కాపలాతో చైనావాళ్ళని మళ్ళీ అదే ఊరికి తెచ్చి గనిలోకి దింపింది కంపెనీ.

అప్పటికి చట్టం కూడా వచ్చేసింది. 1882లో చైనా కూలీలు అసలు దేశంలోకే రాకూడదన్నారు. మొదట పదేళ్ళకన్నారు, తర్వాత పొడిగిస్తూ పోయారు, 1943 దాకా తియ్యలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా తమ పక్షాన ఉంది కాబట్టి తీశారు. నార్త్ ఆడమ్స్ ఉన్న మసాచుసెట్స్ సెనేటరే, జార్జ్ హోర్ అనే ఆయన, 1882లో ఆ చట్టం తప్పని గట్టిగా వాదించాడు. జనం ఆయన్ని బాగా తిట్టారు.


నాగావళిగట్టు, శ్రీకాకుళం

అందరికీ ధన్యవాదాలు. జనపనార గారూ, మీ నాన్నగారి మాట చదివి కాసేపు ఏమీ తోచలేదు. రంగం రేవు సంగతి మా క్యాంటీన్‌లో చెప్పాను. ఒకరిద్దరు "మా తాత కూడా" అన్నారు, ఆ పూటకి అంతే. ఎవరూ మారిపోలేదు లెండి.

గంటస్తంభం మాస్టారూ, మీరు "మనుషులు 40" అని రాశారే, ఆ వరస నిన్న కూడా నా ముందు ఉంది. ఇప్పుడు పేర్లు రాయాలి, బ్యాంకు ఖాతాలోనే వెయ్యాలి అని ఉంది, వేస్తారు కూడా. కానీ ఏటీఎం కార్డులు కట్టగా రబ్బరు బ్యాండు వేసి కాంట్రాక్టర్ మనిషి జేబులో ఉంటాయి. అది నా రిజిస్టర్లో ఎక్కడా కనబడదు.

ఒకటి మిగిలింది. ఆ 75 మంది తర్వాత ఏమయ్యారు? ఎవరికైనా తెలుసా?


జీడితోట, పలాస

ఒకరి సంగతి నేను చెబుతాను. 75 మందిలోని వాడు కాదు, రెండేళ్ళో మూడేళ్ళో తర్వాత అదే ఫ్యాక్టరీకి వచ్చిన పిల్లాడు. పేరు లూ గిమ్ గాంగ్. నాకు నర్సరీ ఉంది కాబట్టి ఆయన పేరు ఇటు నుంచి తెలుసు. బూట్ల సంగతి మీరు చెబితేనే తెలిసింది.

ఆ ఊరి చర్చిలవాళ్ళు ఆదివారాలు ఈ కుర్రాళ్ళకి ఇంగ్లీషు నేర్పేవారట. ఫ్యానీ బర్లింగేమ్ అనే ఆవిడ ఈ పిల్లాణ్ణి చేరదీసి ఇంట్లో పెట్టుకుంది. ఆవిడ దగ్గరి బంధువే 1868లో అమెరికాకీ చైనాకీ మధ్య ఒప్పందం కుదిర్చిన బర్లింగేమ్. చైనావాళ్ళు స్వేచ్ఛగా రావచ్చు అన్న ఒప్పందం అది. గిమ్ గాంగ్‌కి క్షయ పట్టింది. చలి పడదని చివరికి ఫ్లోరిడాలో డీలాండ్ అనే చోట బర్లింగేమ్ వాళ్ళ నారింజ తోటకి చేరాడు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకి అద్దడం చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్నాడంటారు. చేత్తో సంకరం చేసి 1888 నుంచి ఒక నారింజ తయారుచేశాడు. పండు చెట్టు మీదే నెలల తరబడి రాలకుండా ఉంటుంది, చలికి తట్టుకుంటుంది. 1911లో అమెరికా పండ్ల శాస్త్రజ్ఞుల సంఘం వైల్డర్ పతకం ఇచ్చింది. ఆ సంఘం అలాంటి గౌరవం నారింజకి ఇవ్వడం అదే మొదలు.

తర్వాత తేలిందేంటంటే, అది నిజంగా సంకరం కాదు, వాలెన్షియా రకం విత్తనంలోంచే తల్లి గుణంతో పుట్టిన మొక్క. నారింజ, నిమ్మ జాతిలో ఇది మామూలే. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, కొన్ని తల్లికి అచ్చు. సంకరం చేశాననుకుని తల్లి మొక్కనే పెంచినవాళ్ళు మా వృత్తిలో బోలెడు మంది. అయినా ఆ మొక్కని వందల్లోంచి ఏరి పట్టింది ఆయన కన్నే కదా. అది తక్కువ పనేం కాదు. 1925లో పోయాడు. డబ్బు మాత్రం నర్సరీ కంపెనీల వాళ్ళు చేసుకున్నారు. ఈయన చివరిదాకా అప్పులతోనే.


గంటస్తంభం, విజయనగరం

మిగతావాళ్ళ సంగతి. మూడేళ్ళ ఒప్పందం అయ్యాక కొందరు వెళ్ళారు, కొందరు ఉన్నారు, వాళ్ళ బదులు కొత్తవాళ్ళొచ్చారు. 1880 వచ్చేసరికి ఆ ఫ్యాక్టరీలో దాదాపు ఎవరూ మిగల్లేదు. కొందరు బోస్టన్ చేరారనీ, అక్కడి చైనాటౌన్ వాళ్ళతోనే మొదలైందనీ ఆ ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఆ చైనాటౌన్‌లో పింగ్ ఆన్ సందు అని ఉంది, మీ చెల్లి బోస్టన్ వెళ్తే చూడమనండి.

ఓనరు తీయించిన గుంపు ఫోటో సంగతి జనపనార చెప్పాడు. తర్వాత ఆ కుర్రాళ్ళే జీతం డబ్బుతో ఊళ్ళో స్టూడియోకి వెళ్ళి, మంచి బట్టలేసుకుని కుర్చీలో కూర్చుని ఒక్కొక్కరు సొంతంగా ఫోటోలు తీయించుకున్నారు. ఇంటికి పంపుకోవడానికై ఉంటుంది. అవి ఇప్పటికీ కొన్ని ఉన్నాయి.


జనపనార, విజయనగరం జిల్లా

నాగావళిగట్టు గారూ, ఆ ఏటీఎం కార్డుల సంగతి ఇక్కడ రాసి ఊరుకోకండి. లేబర్ ఆఫీసుకి అర్జీ పెట్టేటప్పుడు మీ పేరు బయటికి రాకుండా ఆ కుర్రాళ్ళ చేతే పెట్టించడం ఎలాగో మా సంఘంలో పాతవాళ్ళకి తెలుసు. ఒడియా రాయగలిగినవాళ్ళు కూడా ఉన్నారు. నాకు విడిగా మెసేజ్ పెట్టండి.

మాస్టారూ, పదిశాతం కోత గురించి మీరింకా జవాబు చెప్పలేదు.